ఒకే గిటారు... రెండు ఊళ్లు!

*ఒకటి అమెరికాలో తయారవుతుంది. ఇంకోటి సరిహద్దు దాటాక మెక్సికోలో. కంపెనీ ఒకటే, పేరొకటే, ఆకారమూ ఒకటే. ధర మాత్రం రెట్టింపు తేడా! మరి ఆ తేడా పాటలో ఎంత వినిపిస్తుంది? కాలిఫోర్నియాలోని కొరోనా నుంచి మెక్సికోలోని ఎన్సెనాడా దాకా... గిటారు దారిలో ఓ ప్రయాణం.*

ఓసారి కళ్లు మూసుకోండి. ఎదురుగా ఎవరో గిటారు వాయిస్తున్నారు. ఓ చిన్న బాణీ. అది అయ్యాక అదే బాణీని అదే వ్యక్తి ఇంకో గిటారు మీద వాయిస్తాడు. రెండింట్లో ఏది ఖరీదైనదో చెప్పగలరా?

తేలికే అనిపిస్తుంది కదూ! కానీ ఎలక్ట్రిక్ గిటారు పుట్టిన దగ్గర్నుంచీ తేలని తగవు అదే. పిల్లాడికి గిటారు కొనడానికి దుకాణానికి వెళ్లిన ఏ తండ్రికైనా ఎదురయ్యే ప్రశ్న కూడా అదే. గోడకి వరసగా వేలాడుతుంటాయి గిటార్లు. అన్నీ ఒకేలా ఉంటాయి. అదే నడుం వంపు, అవే రెండు కొమ్ములు, అవే ఆరు తీగలు. ధర చీటీ చూస్తే మాత్రం గుండె జారుతుంది.

ఉదాహరణకి ఫెండర్ కంపెనీ వారి ‘స్ట్రాటోకాస్టర్’నే తీసుకోండి. ప్రపంచంలో అందరికీ బాగా తెలిసిన ఎలక్ట్రిక్ గిటారు ఆకారం అదే. 2024 నాటి ధరల్లో చూస్తే... ఆ కంపెనీ తన చిన్న బ్రాండు ‘స్క్వయర్’ పేరుతో ఆసియా దేశాల్లో చేయించే అన్నిటికన్నా చవక రకం సుమారు 200 డాలర్లు. మెక్సికోలో చేసేది సుమారు 800 డాలర్లు. అమెరికాలో చేసేది సుమారు 1,700 డాలర్లు. మన డబ్బుల్లో చెప్పాలంటే పదిహేడు వేలు, అరవై ఏడు వేలు, లక్షా నలభై వేలు! నిపుణుల చేత ప్రత్యేకంగా చేయించుకునే ‘కస్టమ్ షాప్’ గిటార్లయితే వేల డాలర్లు పలుకుతాయి.

ఇందులో మెక్సికోది, అమెరికాది తయారయ్యే ఊళ్ల మధ్య దూరం మూడొందల కిలోమీటర్లు కూడా ఉండదు. పొద్దున్నే టిఫిన్ చేసి కారులో బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోవచ్చు. ఆ కాస్త దూరంలో ధర రెట్టింపు ఎందుకవుతోంది? అది తెలియాలంటే ముందు ఇంకాస్త వెనక్కి, ఆ గిటారు పుట్టినింటికి వెళ్లాలి.

వాయించడం రాని బ్రహ్మ!

లాస్ ఏంజెలెస్‌కి దగ్గర్లో ఫుల్లర్టన్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ కనుచూపుమేరా నారింజ తోటలే. ఆ తోటల రైతు కుటుంబంలో 1909లో పుట్టాడు లియో ఫెండర్. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. రేడియోలంటే ప్రాణం. 1938లో ఊళ్లోనే రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచాడు. పాటకచేరీలు చేసేవాళ్లు తమ మైకులూ యాంప్లిఫయర్లూ పట్టుకుని ఆయన దగ్గరికొచ్చేవారు. వాళ్ల కష్టాలు వింటూ వింటూ ఆయన గిటారు మీదికి మళ్లాడు.

తమాషా ఏమిటంటే, ప్రపంచం చేత గిటారు పట్టించిన ఆ మనిషికి గిటారు వాయించడం రాదు!

రాదు కాబట్టే కాబోలు, ఆయన దాన్ని ఓ సంగీత వాద్యంలా కాక ఓ యంత్రంలా చూశాడు. అప్పటిదాకా గిటారు అంటే లోపల డొల్లగా, ఒంపులు తిరిగిన పెట్టె. నేర్పరి వడ్రంగి వారాల తరబడి చెక్కాలి. లియో మాత్రం ఓ మందపాటి చెక్కని గిటారు ఆకారంలో కోశాడు. దానికి మెడ భాగాన్ని జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పేసి కొత్తది బిగించుకోవచ్చు. అలా 1950లో వచ్చిన గిటారే మరుసటి ఏడాది ‘టెలికాస్టర్’ అయింది. పెద్ద కంపెనీల వాళ్లు ‘ఇదేం గిటారు, పడవ తెడ్డులా ఉంది’ అని నవ్వారు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి.

అంటే... ఈవేళ కొందరు ప్రాణప్రదంగా దాచుకుంటున్న ఆ పాత గిటార్లు శిల్పాలేమీ కావు. ఫ్యాక్టరీలో, వరసలో నిలబడి చేసిన సరుకే. ఇంకో లెక్క కూడా ఉంది. 1954లో స్ట్రాటోకాస్టర్ ధర 249 డాలర్ల 50 సెంట్లు. పెరిగిన ధరలతో లెక్కేస్తే 2024లో అది సుమారు 2,900 డాలర్లకి సమానం. అంటే మెక్సికోలో చేసే నేటి ‘చవక’ గిటారు, వాళ్ల తాతగారి కాలం నాటి గిటారు ధరలో మూడో వంతు కూడా లేదు!

1965లో లియో కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థకి అమ్మేశాడు. 13 మిలియన్ డాలర్లకి. ఆ తర్వాత ఉత్పత్తి పెరిగింది, నాణ్యత తగ్గిందన్న పేరొచ్చింది. సీబీఎస్ కొనకముందు చేసిన గిటార్లకి ఈనాటికీ ఉన్న గిరాకీకి కారణం అదే. చివరికి 1985లో అందులోని ఉద్యోగులే కొందరు కలిసి కంపెనీని కొనుక్కున్నారు. పేరు దక్కింది, పేటెంట్లు దక్కాయి. ఫుల్లర్టన్ కర్మాగారం మాత్రం దక్కలేదు. ఇల్లు లేని సంసారం! అప్పుడు వెతుక్కున్న చోటే కొరోనా.

గుండ్రటి ఊళ్లో...

ఫుల్లర్టన్ నుంచి తూర్పుగా కొండల సందులోంచి వెళ్తే, దారి ఖాళీగా ఉన్న రోజున ముప్పావుగంటలో కొరోనా వస్తుంది. స్పానిష్‌లో ఆ మాటకి కిరీటం అని అర్థం. ఊరి నడిబొడ్డున గ్రాండ్ బులవార్డ్ అనే రోడ్డు కంకణంలా గుండ్రంగా తిరుగుతుంది. సుమారు మూడు మైళ్ల చుట్టు. 1913లో అదే రోడ్డు మీద కారు పందేలు పెట్టారు! ఒకప్పుడు ‘ప్రపంచ నిమ్మకాయల రాజధాని’ అని పేరు కూడా ఉండేది. తోటలు పోయి ఇళ్లొచ్చాయి, గోదాములొచ్చాయి. ఆ గోదాముల మధ్యే ఫెండర్ కర్మాగారం.

ఇక్కడ చెక్క పలకలు కంప్యూటర్ చెప్పినట్టు నడిచే యంత్రాల్లోకి వెళ్లి గిటారు ఆకారంలో బయటికొస్తాయి. యంత్రం పని అక్కడితో సరి. ఆ తర్వాతంతా చేతులే. మొండెం అంచులు నున్నగా అరగదీయడం, రంగు చల్లడం, ఆరాక మెరుగు పెట్టడం, మెడ మీద ఫ్రెట్లు దిగ్గొట్టడం. వీణ మీద మెట్లుంటాయే, గిటారు మీద అవే ఫ్రెట్లు. వాటి చివర్లు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో గుండ్రంగా రాయాలి. ఒక్కో గిటారు మీద ఆ రాపిడికి ఎంతసేపు కేటాయించారన్నదే ఖరీదైన గిటారుకీ చవక గిటారుకీ మొదటి తేడా. ఇది చెవికి వినపడదు, వేలికి తెలుస్తుంది.

కొరోనా గిటార్లంటే మోజున్న వాళ్లు అమెరికాలో తయారైన వాటిని ‘ఎంఐఏ’ అనీ మెక్సికోవాటిని ‘ఎంఐఎం’ అనీ పిలుచుకుంటారు. మొదటిది చెప్పేటప్పుడు కాస్త గర్వం, రెండోది చెప్పేటప్పుడు కాస్త సంజాయిషీ. ‘ఎంఐఎమ్మే అనుకోండి, కానీ బాగుంటుంది’ అన్నట్టు.

మరి ఆ ‘కానీ’ ఎక్కడ మొదలవుతుంది?

గీత దాటితే...

కొరోనా నుంచి పదిహేనో నంబరు హైవే నేరుగా దక్షిణానికి దిగుతుంది. ఎండకి గోధుమరంగు తిరిగిన కొండలు, మధ్యలో పళ్ల తోటలు. శాన్ డియాగో దాటాక శాన్ ఇసిడ్రో. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే సరిహద్దు ద్వారాల్లో ఇదొకటి. మెక్సికోలోకి వెళ్లడం తేలిక. తిరిగి రావడానికే గంటల తరబడి కార్ల బారు. ఆ బారుల మధ్య తినుబండారాలూ బొమ్మలూ అమ్మేవాళ్లు తిరుగుతుంటారు.

ద్వారం దాటగానే తిహువానా. గిటారు ప్రేమికులు ఈ ఊరికి ఓ దణ్నం పెట్టాలి. కార్లోస్ సంతానా అనే కుర్రాడు వేళ్లు అరిగేలా సాధన చేసింది ఇక్కడే. రెవల్యూసియోన్ వీధిలోని నైట్‌క్లబ్బుల్లో వాయించేవాడు. తర్వాత అమెరికా వెళ్లాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంతో లోకానికి తెలిశాడు. ఆయన వాయించే పీఆర్ఎస్ గిటార్లు మహా ఖరీదు. ఆ కంపెనీ తొలిసారి సామాన్యుల కోసం చవక రకం గిటారు చేయాలనుకున్నప్పుడు, అంటే 2001లో, దాని మీద పెట్టింది కూడా సంతానా పేరే. దాన్ని చేయించింది కొరియాలో. ఒకే మనిషి పేరుతో ఒక ఖరీదైన గిటారు, ఒక చవక గిటారు!

ఇంతకీ ధర ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకి జవాబు ఈ సరిహద్దు గోడ దగ్గరే సగం దొరుకుతుంది. 2025 లెక్క చూడండి. గోడకి ఉత్తరాన కాలిఫోర్నియాలో చట్టప్రకారం కనీస వేతనం గంటకి 16 డాలర్ల 50 సెంట్లు. ఎనిమిది గంటలకి 132 డాలర్లు. గోడకి దక్షిణాన సరిహద్దు ప్రాంతంలో కనీస వేతనం రోజుకి 419 పెసోల 88 సెంటావోలు. మెక్సికో అంతటిలోకీ ఇక్కడే ఎక్కువ. అయినా డాలర్లలోకి మారిస్తే రోజుకి ఇరవై రెండో ఇరవై మూడో! ఏ కంపెనీ ఎంత ఇస్తుందన్నది కాదిది, చట్టం గీసిన అడుగు గీత మాత్రమే. కానీ ఆ గీతలోనే ఆరు రెట్ల తేడా ఉంది. అందుకే 1960ల నుంచీ ఈ సరిహద్దు పొడవునా ఫ్యాక్టరీలు వెలిశాయి. ముడిసరుకు ఉత్తరాన్నుంచి వస్తుంది, తయారైన వస్తువు తిరిగి ఉత్తరానికి వెళ్తుంది. మధ్యలో చేతులు మాత్రం ఇక్కడివి.

పసిఫిక్ సిండ్రెల్లా

తిహువానా నుంచి ఎన్సెనాడాకి వంద కిలోమీటర్లు. దారి పొడవునా కుడిపక్క సముద్రమే. రొసారితో దాటాక కొండ అంచున రోడ్డు మెలికలు తిరుగుతుంది, కింద పసిఫిక్ అలలు బద్దలవుతుంటాయి. ‘టైటానిక్’ సినిమాలో ఓడని ముంచింది ఈ తీరంలోనే! ఆ చిత్రం కోసమే ఇక్కడ బ్రహ్మాండమైన నీళ్ల తొట్టెలతో స్టూడియో కట్టారు.

ఎన్సెనాడా రేవు పట్టణం. పొద్దున పూట మంచు తెర, మధ్యాహ్నం ఎండ. చేపల మార్కెట్టు, దాని చుట్టూ చేపముక్కల్ని శనగపిండి బజ్జీల్లా పిండిలో ముంచి వేయించి రొట్టెలో చుట్టిచ్చే టాకో బళ్లు. ఊరికి దక్షిణంగా ‘లా బుఫదోరా’ అనే చోట సముద్రపు నీరు రాతి గుహలో ఇరుక్కుని గర్జిస్తూ ఆకాశంలోకి చిమ్ముతుంది. విహార నౌకల్లో వచ్చేవాళ్లు చూసి వెళ్లేది ఇవే. గిటారు సంగతి చాలామందికి తెలియదు.

ఈ ఊరికి స్థానికులు పెట్టుకున్న ముద్దుపేరు ‘పసిఫిక్ సిండ్రెల్లా’. అందంగా ఉన్నా ఇంటెడు చాకిరీ చేసి మూలన ఉండిపోయే పిల్ల! ఇక్కడ చేసే గిటార్లకి అంతకన్నా సరిపోయే పేరు లేదు.

1987లో ఫెండర్ ఇక్కడ అడుగుపెట్టింది. అదే ఏడాది అక్కడ కొరోనాలో అత్యంత ఖరీదైన గిటార్లు చేసే కస్టమ్ షాప్ మొదలైంది. ఒకే సంవత్సరంలో ఒక చెయ్యి ఆకాశానికీ ఒక చెయ్యి నేలకీ చాచిందన్నమాట. 1994లో ఎన్సెనాడా కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ కట్టారు. మళ్లీ అరగదీయడం, రంగులద్దడం, తీగలు బిగించడం మొదలైంది. ఇప్పుడిక్కడ గిటార్లే కాదు, యాంప్లిఫయర్లూ తయారవుతాయి.

ఇక్కడి యంత్రాలూ కంప్యూటర్ చెప్పినట్టు నడిచేవే. స్ట్రాటోకాస్టర్ మొండెం ఇక్కడా ఎక్కువగా ఆల్డర్ చెక్కే. అయితే అమెరికా గిటారు మొండేన్ని రెండు మూడు చెక్కముక్కలు అతికి చేస్తే, ఇక్కడ ఇంకొన్ని ఎక్కువ ముక్కలు వాడొచ్చు. రంగు వేశాక కనిపించదు. తీగలు ఆనే గుర్రం, తీగలు బిగించే బిరడాలు, లోపలి స్విచ్చులు కాస్త తక్కువ ఖరీదువి. అసలైన తేడా చాలాకాలం పాటు పికప్‌లో ఉండేది. దాని సంగతి తెలిస్తే పాట సంగతి తెలిసినట్టే.

మోగేది చెక్కా... తీగా?

బొబ్బిలి వీణని చూడండి. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకండి వీణలో తీగ కంపిస్తే కుండ మోగుతుంది, ఆ మోగిందే మనకి వినపడుతుంది. అక్కడ చెక్కే ప్రాణం. ఎలక్ట్రిక్ గిటారు కథ వేరు. యాంప్లిఫయర్ లేకుండా మీటితే పక్కగదిలోకి కూడా వినపడదు. తీగల కింద బొటనవేలంత వెడల్పున ఉండే పట్టీయే పికప్. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకలా సన్నటి రాగి తీగ. స్ట్రాటోకాస్టర్‌లో అయితే దాదాపు ఎనిమిది వేల చుట్లు! పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. వైరులోంచి వెళ్లి యాంప్లిఫయర్‌లో పెద్దదై, స్పీకరులో పాటవుతుంది. పికప్‌కి తెలిసింది తీగ కదలిక మాత్రమే. చెక్క ఖరీదు దానికి తెలియదు.

అలాంటప్పుడు మంచి చెక్కతో పనేమిటి? గిటారు లోకంలో తలలు పగిలే వాదన ఇది. చెక్క తీగ కదలికని కొద్దోగొప్పో మారుస్తుందని కొందరు, అది చెవికి అందేంత కాదని కొందరు. అమెరికాలో నాష్‌విల్‌కి చెందిన జిమ్ లిల్ అనే గిటారిస్టు 2021లో ఓ పని చేశాడు. గిటారు భాగాల్ని ఒక్కొక్కటిగా మారుస్తూ, మార్చినప్పుడల్లా రికార్డు చేస్తూ వెళ్లాడు. చివరికి మొండెమూ లేదు, మెడా లేదు. రెండు బల్లల మధ్య గాలిలో తీగలు లాగి కట్టాడు. వాటి కింద అదే పికప్‌ని అదే దూరంలో పెట్టాడు. మీటాడు. వీడియో చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఖరీదైన గిటారుకీ ఆ గాలి గిటారుకీ తేడా పట్టుకోవడం గగనమైంది!

ఆయన ప్రయోగంలో నిలబడినవి వేరే: ఏ పికప్, అది తీగకి ఎంత దూరంలో ఉంది, ఎక్కడ ఉంది, లోపలి వైరింగు ఏమిటి. ఇవన్నీ స్క్రూడ్రైవరూ టంకంకర్రా ఉంటే మార్చుకోగలిగినవే.

ఇక ఎన్సెనాడా విషయానికొస్తే... చాలా ఏళ్లు అక్కడి మామూలు రకం స్ట్రాటోకాస్టర్‌లో ఉక్కు కడ్డీలు పెట్టి, కింద చవకైన సిరామిక్ అయస్కాంతం అతికించేవారు. అమెరికా గిటారులో కడ్డీలే అయస్కాంతాలు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసే ‘అల్నికో’. సిరామిక్‌ది కాస్త కటువైన గొంతనీ, అల్నికోది గంట మోగినట్టుంటుందనీ వాయించేవాళ్లు చెబుతారు. 2018లో ‘ప్లేయర్’ పేరుతో మెక్సికో గిటార్లని మార్చినప్పుడు వాటికీ అల్నికో వచ్చేసింది. చెవికి అందే తేడాల్లో పెద్దది అలా కరిగిపోయింది.

అన్నట్టు, తేడా ఎప్పుడు వినిపిస్తుందో కూడా చెప్పుకోవాలి. యాంప్లిఫయర్‌ని నెమ్మదిగా పెట్టి, ఒక్కో స్వరాన్నీ తేటగా మీటినప్పుడు పికప్‌ల గొంతులు విడివిడిగా తెలుస్తాయి. అదే రాక్ సంగీతంలోలా గరగరలాడేట్టు పెంచేస్తే, ఖరీదూ చవకా అన్నీ ఆ హోరులో కలిసిపోతాయి. అసలు గిటారు మార్చితే వచ్చే తేడా కన్నా యాంప్లిఫయరో స్పీకరో మార్చితే వచ్చే తేడా ఎక్కువ. కానీ దుకాణంలో గోడకి వేలాడేది గిటారే కాబట్టి కళ్లన్నీ దాని మీదే!

మరి మిగతా తొమ్మిది వందల డాలర్లు దండగేనా? అలా అనలేం. నాణ్యమైన బిరడాలుంటే పాట మధ్యలో శ్రుతి జారదు. శ్రద్ధగా రాసిన మెడ మీద చెయ్యి జారుతుంది, వేలు ఒరుసుకోదు. ఎండాకాలం చెక్క బిగిసినా ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకు రావు. రాత్రికి రాత్రి కచేరీలు చేసేవాడికి ఆ నిశ్చింతకి విలువుంటుంది. చెయ్యి హాయిగా ఉంటే వాయింపు బాగుంటుంది, వాయింపు బాగుంటే ‘ఆహా, ఏం టోన్!’ అంటారు. డబ్బు కొన్నది టోన్ కాదు, చేతికి సుఖం!

మన అడవి చెక్క!

ఈ కథలో మనకీ ఓ భాగముంది. గిటారు మెడ మీద ఫ్రెట్లు కూర్చునే ముదురు గోధుమరంగు పట్టీకి దశాబ్దాలుగా ఇష్టపడే చెక్కల్లో ఇండియన్ రోజ్‌వుడ్ ఒకటి. అంటే దక్షిణ భారతపు అడవుల్లో పెరిగే మన ఇరుగుడు చెట్టు. ప్రపంచంలో రోజ్‌వుడ్ స్మగ్లింగ్ పెరిగిపోయిందని 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటి మీదా అంతర్జాతీయ ఆంక్షలు పెట్టారు. అమ్మకానికి ఒక్క గిటారు దేశం దాటాలన్నా పర్మిట్ కావాల్సి వచ్చేది! సరిహద్దు దాటడమే బతుకైన ఎన్సెనాడా గిటారుకి అది పెద్ద చిక్కు. ఇరుగుడు పోయి, దక్షిణ అమెరికాలో పెరిగే ‘పావ్ ఫెర్రో’ వచ్చింది. గొంతు మారిపోయిందని కొందరు వాపోయారు. 2019 నవంబరులో తయారైన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు. 2024లో వచ్చిన ‘ప్లేయర్-2’ గిటార్లతో ఎన్సెనాడాకి రోజ్‌వుడ్ తిరిగొచ్చింది.

ఆ చేతులెవరివి?

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర కార్ల బారు ఉంటుందనుకున్నాం కదా. ఎన్సెనాడా గిటార్లు కూడా అట్టపెట్టెల్లో, ట్రక్కుల్లో అదే గీత దాటి ఉత్తరానికొస్తాయి. గీత దాటాక వాటి మీద ‘మేడ్ ఇన్ మెక్సికో’ అన్న మాట చూసి ఎవరైనా పెదవి విరిస్తే, వాళ్లకి ఓ పేరు చెప్పాలి.

అబిగైల్ ఇబారా. మెక్సికన్ మూలాలున్న కుటుంబం. 1956లో, లియో ఫెండర్ ఇంకా రోజూ ఫ్యాక్టరీలో తిరుగుతున్న కాలంలో, ఫుల్లర్టన్‌లో పనికి చేరింది. పికప్‌లకి రాగి తీగ చుట్టడం ఆమె పని. తిరిగే చక్రం ముందు కూర్చుని, వెంట్రుక లాంటి తీగని వేళ్లతో నడిపించాలి. గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే చుట్ట పాడవుతుంది. యంత్రం చుట్టినంత సమంగా మనిషి చెయ్యి చుట్టలేదు. ఆ చిన్న చిన్న ఎగుడుదిగుడుల్లోనే మాధుర్యం ఉందని గిటారు పిచ్చివాళ్లు నమ్ముతారు. ఆ రోజుల్లో అది ఎవరూ పట్టించుకోని పని. కుర్చీలో కూర్చుని దారం చుట్టడం లాంటిది. దశాబ్దాలు గడిచాక చూస్తే, ప్రపంచం మొత్తం వెతుక్కుంటున్న ఆ ‘పాత ఫెండర్ గొంతు’ ఆమె లాంటి వాళ్ల వేళ్లలోంచి వచ్చిందే! ఆ తర్వాత కస్టమ్ షాప్‌లో ఆమె చుట్టి సంతకం చేసిన పికప్‌లకి ప్రత్యేక ధర కట్టారు. ‘టోన్ మహారాణి’ అని బిరుదిచ్చారు. 2013లో, 57 ఏళ్ల సర్వీసు తర్వాత రిటైరైంది. ఆ కుర్చీలో కూర్చున్నది ఆమె దగ్గర పని నేర్చుకున్న జోసెఫినా కాంపోస్.

ఖరీదైన అమెరికన్ గొంతు, చవకైన మెక్సికన్ గొంతు అని గిటార్లని విడదీస్తాం. తీరా చూస్తే ఆ మొదటి గొంతుకి రాగి చుట్టిన వేళ్లలో మెక్సికన్ వేళ్లూ ఉన్నాయి. గోడకి అటున్నా ఇటున్నా ఓపిక ఒకటే, నేర్పు ఒకటే. మారింది కూలి. గిటారు ధరలో కనిపించే తేడాలో పెద్ద వాటా దానిదే.

ఇప్పుడు మళ్లీ కళ్లు మూసుకోండి. అవే రెండు గిటార్లు, అదే బాణీ. ఏది ఖరీదైనదో చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోకండి. తీగకి సరిహద్దు తెలియదు!

తండ్రీకొడుకుల గిటారు

1963లో లండన్ శివార్లలో ఉండే బ్రయాన్ మే అనే పదహారేళ్ల కుర్రాడికి ఫెండర్ గిటారు కావాలనిపించింది. కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు. ‘మనమే చేద్దాం’ అన్నాడు. పాత ఇంటి పొయ్యి అరుగుకి వాడిన మహాగని దూలం మెడ అయింది. మోటారుసైకిల్ వాల్వ్ స్ప్రింగులు, అరిగిన చాకు అంచు కలిసి తీగల్ని ఊపే మీట అయ్యాయి. అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు మెడ మీద చుక్కలయ్యాయి. రెండేళ్లు పట్టింది. ‘రెడ్ స్పెషల్’ అని పేరు పెట్టిన ఆ గిటారుతోనే బ్రయాన్ మే ‘క్వీన్’ బృందంలో ప్రపంచమంతా వాయించాడు!

కొనేముందు...

* మొదటిసారి కొంటుంటే డబ్బంతా గిటారు మీదే పెట్టేయొద్దు. కొంత యాంప్లిఫయర్‌కి మిగల్చండి. వినపడేది దానిలోంచే.

* మెడ అంచు మీద వేలు పైనుంచి కిందికి రాయండి. ఫ్రెట్లు గుచ్చుకుంటుంటే ఇంకోటి చూడండి.

* తీగని గట్టిగా లాగి వదిలి, శ్రుతి నిలిచిందేమో చూడండి.

* తీగలు మెడకి మరీ ఎత్తులో ఉంటే పిల్లల వేళ్లు నొప్పెడతాయి, వారంలో మానేస్తారు. తెలిసిన మెకానిక్ చేత తీగల ఎత్తు సరిచేయిస్తే చవక గిటారు కూడా హాయిగా పలుకుతుంది.

* నచ్చిన గిటారుని, దానికన్నా ఖరీదైన దాన్ని ఒకే యాంప్లిఫయర్ మీద, ఒకే చోట, ఎవరి చేతనైనా వాయింపించి అటు తిరిగి వినండి. ధర చీటీని చెవులు చదవలేవు!